ముగ్గుపిండి హెచ్

ఈరోజు పొద్దున పాలకు పోయేసరికి కాలేజీ గ్రౌండులో సున్నంతో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో హెచ్ అక్షరం దిద్దుతున్నారు. మంత్రిగారు హెలికాప్టర్‌లో వస్తున్నారట. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొడుతున్నారు, ఓ పక్కన ఫైరింజన్ వచ్చి నిలబడింది. ఈ సంగతి ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. మనవడు ఇడ్లీ సగంలో వదిలేసి చెప్పులేసుకున్నాడు. బడికి సెలవులు మరి.

పదిన్నరకే బారికేడ్ పట్టుకుని నిలబడ్డాం. నల్గొండ ఎండ గురించి రాయక్కర్లేదు. అందరూ ఆకాశం చూస్తుంటే నేను నేల చూస్తున్నాను, పాత అలవాటు. షామియానా తాడొకటి వదులుగా ఉంది. ఖాళీ నీళ్ల ప్యాకెట్లు ఎక్కడివక్కడే పడున్నాయి. బందోబస్తు కానిస్టేబుల్‌తో "బిడ్డా, ఆ తాడు జర గుంజి కట్టిపియ్యి, లేస్తది" అన్నాను. "మేం చూస్కుంటం గాని, నువ్వు ఎన్కకు జరుగు పెద్దాయనా" అన్నాడు.

జరిగాను. వాడికేం తెలుసు, నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసిన మనిషినని! లద్దాఖ్‌లో మా ఆస్పత్రి హెలిప్యాడ్ మీద చిన్న కాగితం ముక్క కనబడినా సుబేదార్ సాబ్ ఊరుకునేవాడు కాదు. రెక్కల గాలికి లేచింది తిరిగి ఆ రెక్కల్లోకే పోతుంది. స్ట్రెచర్ మీది దుప్పటిని పట్టీల కింద బిగించాలి. టోపీలు తీసి జేబులో పెట్టుకోవాలి. పైలట్ బొటనవేలు చూపేదాకా ఒక్కడుగు కదలకూడదు. చూపాక నడుం వంచి, అతని కంటికి కనబడేలా ముందు వైపు నుంచే పోవాలి. తోక వైపు పోయామా, అంతే. ఆ చిన్న రెక్క తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు.

మాకు ఎక్కువగా వచ్చేవి చీతా అనే చిన్న హెలికాప్టర్లు. పై పోస్టుల నుంచి వాటిలో దిగేవాళ్లలో తూటా తగిలినవాళ్లు తక్కువ, ఎత్తు తగిలినవాళ్లే ఎక్కువ. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, దగ్గితే గులాబీ రంగు నురగ పడుతుంది. హాపో అంటారు దాన్ని. ఆక్సిజనూ మందులూ ఉన్నా అసలు వైద్యం కిందికి దించడమే. మబ్బు పట్టి హెలికాప్టర్ రాకపోతే పైన ఉన్నవాళ్లు మనిషిని పొడుగాటి సంచిలో పడుకోబెట్టి, పంపుతో గాలి కొడుతూ కూర్చునేవారు. లోపల ఒత్తిడి పెరిగితే కొన్ని వేల అడుగులు దిగినట్టే లెక్క. లేహ్ 11 వేల అడుగుల పైన ఉంటుంది. వాళ్లకు అదే "కింద"!

రాత్రి కేసు ఉందని కబురొస్తే తెల్లారేదాకా టెన్షనే. ఎక్కువగా పొద్దున్నే ఎగిరేవి. ఎండెక్కితే గాలి పలచబడి రెక్కకు పట్టు దొరకదు. మధ్యాహ్నానికి ఈదురుగాలి మొదలవుతుంది.

ఒకసారి అలా దించిన కుర్రాడు, పెదాలు నీలం రంగులో ఉన్నాయి, స్ట్రెచర్ మీద నా పేరు పట్టీ చదివి మాస్కులోంచే "అన్నా, మీదే ఊరే?" అన్నాడు. వాడిది అచ్చంపేట దగ్గర. నోరు మూసుకుని పడుకోరా అని తిట్టాను. నాలుగు రోజులకు వార్డులో లేచి కూర్చుని పప్పుచారు కావాలన్నాడు. అక్కడ చింతపండు ఎక్కడిది!

పదకొండు దాటాక మోత వినబడింది. అంత తడిపినా దుమ్ము లేచింది. నీళ్ల ప్యాకెట్లు లేచాయి. షామియానా మూల గాల్లో కొట్టుకుంటుంటే నలుగురు పట్టుకుని వేలాడారు. కానిస్టేబుల్ టోపీ ఎగిరి ఫైరింజన్ కింద పడింది. నవ్వకూడదు గాని నవ్వాను.

తలుపు తెరిచారు. మంత్రిగారు చేతులు జోడించి నడుచుకుంటూ వచ్చారు. హెలికాప్టర్‌లోంచి మనిషి తన కాళ్ల మీద తాను దిగి రావడం నాకింకా వింతగానే ఉంటుంది.

"తాతా, నువ్వెన్నిసార్లు ఎక్కినవ్?"

"ఎక్కలేదురా. ఎక్కిచ్చిన, దించిన."

వాడికి ఈ జవాబు నచ్చలేదు. దారి పొడుగునా మాట్లాడలేదు.

సాయంత్రం లేచి చూస్తే వాకిట్లో గుండ్రం, మధ్యలో వంకర హెచ్. డబ్బాలో ముగ్గుపిండి మొత్తం అయిపోయిందని మా ఆవిడ వాణ్ని వదిలేసి నన్ను తిడుతోంది. హెలికాప్టర్ గాలికి ఎదురుగా దిగుతుందిరా అని చెప్పి, బాణం గుర్తు కూడా వేద్దామన్నాను. "మరి గాలి ఎటు నుంచి వస్తుంది తాతా?" అన్నాడు.

ఇద్దరం వేపచెట్టు వైపు చూశాం. ఒక్క ఆకు కూడా కదలడం లేదు.