పచ్చ వెలుగు లేచిన రాత్రి వాన పడదంట

నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర చిన్నాయన అన్న మాట వదలడం లేదు. "పాపా, మీ గాదంకి పచ్చ వెలుగు పైకి లేచిన రాత్రి మా చేన్లో చుక్క వాన పడదు. ఎన్నేండ్ల నుంచో చూస్తాండా." తిరుపతి దగ్గర గాదంకిలో మా వాతావరణ పరిశోధన కేంద్రం ఉంది, ఆ పచ్చ వెలుగు అక్కడి లేజర్‌ది.

అక్కడితో ఆగినా సరిపోయేది. మా మరిది వెంటనే ఫోన్ తీసి, లేజర్లతో మబ్బుల్ని చెదరగొడుతున్నారంటూ ఎవరో పంపిన వీడియో అందరికీ చూపించాడు. అది ఏ ఊరిదో, అసలు ఏ దేశానిదో తెలీదు. అందరూ తలలూపారు. అత్తమ్మయితే "వానలు తగ్గింది అందుకేనా" అనేసింది. నేను వడ్డిస్తూనే లెక్క చెప్పబోయాను. మొదట్లో అక్కడున్న లేజర్ ఒక్కో పల్స్‌కి సుమారు అర జౌలు, సెకనుకు 20 పల్సులు, అంటే 20 మెరుపులు. సగటున పది వాట్లు, మన వరండా బల్బంత. ఓ మోస్తరు మబ్బులో వందల టన్నుల నీళ్లుంటాయి, పది వాట్లు దాన్నేం చేస్తాయి? ఒక్కరూ వినలేదు. వీడియో మాత్రం రెండోసారి చూశారు. ఏళ్ల తరబడి చదివిన విషయం గురించి నా ఇంట్లోనే నా మాట చెల్లకపోతే ఎంత కష్టంగా ఉంటుందో!

రీసెర్చ్‌లో చేరిన కొత్తలో ఆ లేజర్ ఉన్న లైడార్ గదిలో గడిపిన మొదటి రాత్రి గుర్తొచ్చింది. లైడార్ అంటే లేజర్ వెలుగు పంపి పైన ఏముందో కొలిచే పరికరం. 1998లో జపాన్ వాళ్ల సహకారంతో పెట్టిన లైడార్ అది. 532 నానోమీటర్ల పచ్చ కాంతి నిట్టనిలువుగా పైకి పోతుంది. దుమ్ముకీ, పొగకీ, మబ్బు కణాలకీ తగిలి వెనక్కొచ్చే కాస్త వెలుగుని టెలిస్కోపు పట్టుకుంటుంది. పోయి రావడానికి పట్టిన సమయమే ఎత్తు చెబుతుంది. 100 మైక్రోసెకన్లకి తిరిగొస్తే 15 కిలోమీటర్లన్నమాట. ఒక్క పల్స్‌కి వచ్చేది పిసరంతే కాబట్టి వేల పల్సులు కూడితే, ఏ ఎత్తు నుంచి ఎంత వెలుగు వచ్చిందో చూపే గీత నాలుగు నిమిషాలకి ఒకటి తయారవుతుంది.

ఆ రాత్రి బయటికొచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. మబ్బు జాడే లేదు. లోపల తెర మీద మాత్రం 15 కిలోమీటర్ల దగ్గర గీత ఉబ్బి ఉంది. ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) మారిన వెలుగుని మాత్రమే పట్టే రెండో ఛానల్లోనూ ఉబ్బింది. గుండ్రటి నీటి బిందువు నుంచి నేరుగా వెనక్కొచ్చిన కాంతి ధ్రువణం మారదు, కోణాలున్న మంచు పలుకుల నుంచి వస్తే మారుతుంది. కాబట్టి అది మంచే. కంటికి ఆనని సిరస్, అంటే బాగా ఎత్తున ఉండే పలచటి మంచు మబ్బు! లోపలికీ బయటికీ ఎన్నిసార్లు తిరిగానో. నేను చూస్తున్న చుక్కలన్నీ ఆ మబ్బు గుండానే కనబడుతున్నాయి.

ఇంతవరకూ రాశాక కోపం ఎటో పోయింది. చిన్నాయన చూసింది నిజమే కదా! మోడం కమ్మినా, వాన వచ్చేట్టున్నా లైడార్ వెయ్యరు. కింద దట్టమైన మబ్బుంటే దాన్ని దాటి కాంతి పోలేదు. అందుకని వెలుగు లేచిన రాత్రంటే వాన లేని రాత్రే. చెనక్కాయలు ఆరబోశామని ఎండ కాయదు, ఎండ కాసిందని ఆరబోస్తాం. ఆయన తిరగేసుకున్నది అంతవరకే. చేని కావలికి పోయి, వాన పడిన రోజుకి క్యాలెండర్లో సున్నా చుట్టే మనిషి. వీడియో చూసి చెప్పిన మాట కాదది. మరిది మీద మాత్రం కోపం అలాగే ఉంది.

పైగా ఆయన మాట మా గ్రాఫులకీ తగులుతుంది. గాదంకి మీద సిరస్ ఎన్ని రాత్రులు కనబడిందని లెక్క రాస్తామే, అవన్నీ వాన మాకు వదిలిన రాత్రులే. రుతుపవనాలు ముమ్మరంగా ఉన్నప్పుడు పైన ఏముందో కింది నుంచి చూడలేం. లైడార్ మోసుకుని 2006లో ఎగిరిన కాలిప్సో ఉపగ్రహం 2023 దాకా పైనుంచి కిందికి చూసింది కాబట్టి కింది మబ్బులు దానికి అడ్డు కాలేదు. కానీ అది అదే దారికి మళ్లీ రావడానికి 16 రోజులు పట్టేది. మధ్యలో ఒక చోట రాత్రంతా మబ్బు ఎలా మారిందో దానికి తెలీదు. అది నేల మీది లైడారే చెప్పాలి, అదీ వాన లేకపోతేనే.

రేపు పొద్దున్నే చిన్నాయనకి ఫోన్ చెయ్యాలి. పాత క్యాలెండర్లు ఉన్నాయేమో అడగాలి. లైడార్ ఆగిన రాత్రుల్లో వాన వల్ల ఆగినవి ఏవో, వేరే కారణాలతో ఆగినవి ఏవో ఆ సున్నాలతో పోల్చి చూడొచ్చు. చిన్నమ్మ వాటిని బీరువా అరల్లో పరిచేయకముందే అడగాలి.