హనాఫుదా ఆడదాం రమ్మంటే

జపాన్‌కు ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లకు కంపెనీ హాస్టల్లోనో, జనవరి సెలవుల్లో సహోద్యోగి ఇంట్లోనో హనాఫుదా అనే జపాన్ పేకముక్కలు తారసపడితే తప్పకుండా కూర్చోండి. ముక్కల మీద అంకెలుండవు, కాంజీ (జపనీయుల బొమ్మల్లాంటి అక్షరాలు) చదవక్కర్లేదు. భాష పట్టుబడకముందే జపనీయులతో సమంగా ఆడగలిగే ఆట ఇది. 1889లో క్యోటోలో వీడియో గేముల నింటెండో మొదలైంది ఈ ముక్కలు తయారుచేస్తూనే.

మొత్తం 48 ముక్కలు. నెలకో మొక్క, మొక్కకు నాలుగు ముక్కలు. జనవరి పైన్, మార్చి చెర్రీ, సెప్టెంబరు చామంతి, ఇలా. జత కలపడానికి మొక్క ఒక్కటే చూడాలి. కొంగ ఉందా, రిబ్బన్ ఉందా అన్నది పాయింట్లకే. కొత్తవాళ్లు తడబడేది ఏప్రిల్, జులై దగ్గర. ఏప్రిల్ కొమ్మ కిందికి వేలాడుతుంది, జులైది పైకి లేస్తుంది. నవంబరు మొక్క విల్లో, అందులో ఒక ముక్క మాత్రం ఎర్రగా, విల్లో చెట్టులా అనిపించకుండా ఉంటుంది, అదీ నవంబరుదే.

ఈ ముక్కలతో ఇద్దరు ఆడే కొయ్-కొయ్ అనే ఆటలో చెరి ఎనిమిది ముక్కలు, నేల మీద ఎనిమిది తెరిచి పరుస్తారు. మీ వంతుకు ఒక ముక్క వేయండి. అదే నెలది నేల మీద ఉంటే రెండూ మీవి, లేకపోతే మీది అక్కడే ఉండిపోతుంది. తర్వాత కట్టలోంచి ఒకటి తిప్పి అదే పని చేయాలి. ఒకే నెలవి మూడు నేల మీద ఉంటే నాలుగోది వేసినవారికి అన్నీ దక్కుతాయి.

రమ్మీ అలవాటుతో మంచి ముక్కను దాచుకుందామంటే కుదరదు, ప్రతి వంతుకూ చేయి తగ్గాల్సిందే. జత లేనప్పుడు ఏది వేయాలన్నదే అసలు నేర్పు. ఒక నెలవి రెండు ముక్కలు ఆటలోంచి పోయి, మిగతా రెండూ మీ దగ్గరే ఉంటే అందులో ఒకటి వేయండి. ఎదుటివారు దాన్ని ముట్టలేరు, తర్వాతి వంతుకు మీరే తీసుకోవచ్చు.

అడవిపంది, జింక, సీతాకోకచిలుకలు కలిస్తే 5 పాయింట్లు. నీలం రిబ్బన్లు మూడైనా 5. అన్నిటికన్నా విలువైన ఐదు 'వెలుగు' ముక్కలూ దక్కితే 10. సెప్టెంబరు సాకే (బియ్యపు మద్యం) గిన్నెతో ఆగస్టు చంద్రుడు కలిసినా 5 ఇస్తారు, అయితే కొన్ని ఇళ్లలో ఈ కలయికను ఒప్పుకోరు, ముందే అడగండి.

కలయిక పూర్తయ్యాక ఆపేస్తే పాయింట్లు మీవి. 'కొయ్-కొయ్' అంటే ఆట సాగుతుంది, ఈలోగా ఎదుటివారు కలయిక పూర్తిచేసి ఆపితే మీకు సున్నా, చాలాచోట్ల వారికి రెట్టింపు. చేతిలో రెండు మూడు ముక్కలే మిగిలినప్పుడు ఆపేయడమే మేలు.

డబ్బు పందెం మాత్రం కాయకండి. జపాన్ శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద అది నేరం, వీసా మీద ఉన్నవాళ్లు తెచ్చిపెట్టుకోకూడని తలనొప్పి.