పడవను ట్రెయిలర్‌పైకి ఎక్కించడం: ఆరవ ప్రయత్నం

గడచిన ఐదుసార్లూ నాకు ఒకే ఇబ్బంది ఎదురైంది. నీటిలోకి దిగే ర్యాంపు వాలులో, వించ్ (పడవను పట్టీతో లాగే చేతిచక్రం) స్తంభం మీది రబ్బరు దిమ్మకు గట్టిగా ఆనుకొని కనిపించిన పడవ ముక్కు, చదునైన నేల మీదికి వచ్చేసరికి పది సెంటీమీటర్ల దూరంలో ఉండేది. వించ్ పళ్లచక్రం జారుతోందని అనుమానించి, దానిని విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడంలో ఒక సెలవురోజంతా గడిపాను. లోపం వించ్‌లో లేదు. ట్రెయిలర్‌ను నేనే మరీ లోతుకు దించుతున్నాను.

లోతు ఎక్కువైనప్పుడు ముక్కు దిమ్మను తాకినా, వెనుక భాగం ఇంకా తేలుతూనే ఉంటుంది. ట్రెయిలర్ బయటికి వచ్చాక ఆ భాగం ఆధారపు చెక్కల మీదికి దిగుతుంది కనుక పడవ కోణం మారి, ముక్కు దిమ్మకు ఎడమవుతుంది. ఈసారి చెక్కలకు చుట్టిన కార్పెట్ పూర్తిగా తడిసేలా ఒకసారి లోతుకు దించి, ఆ తరువాత చెక్కల ముందువైపు మూడోవంతు నీటిపైన కనిపించే వరకు కారును ముందుకు జరిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టాను. చివరి మీటరు దూరం వించ్‌తోనే లాగవలసి వచ్చింది; చేతులకు శ్రమ పెరిగినా, పైకి వచ్చాక ఎడం రెండు వేళ్ల మందానికి మించలేదు. వించ్ తిప్పుతున్నంతసేపూ పట్టీకి ఎదురుగా కాక పక్కకు నిలబడ్డాను. తెగిన పట్టీ ఎటు దూసుకువస్తుందో ఊహించడానికి పెద్ద అనుభవం అక్కరలేదు.

నీటిలోకి దించే ముందు ట్రెయిలర్ లైట్ల ప్లగ్ తీశాను. దారి పొడవునా తిరిగి వేడెక్కిన హబ్‌లు (చక్రాల నడిమి భాగాలు) ఒక్కసారిగా చల్లటి నీటిలో మునిగితే, లోపలి గాలి కుంచించుకొని సీళ్ల గుండా నీటిని బేరింగుల్లోకి లాగుతుంది. అందుకే పొద్దున పడవను దించేటప్పుడు అరగంట ఆగాను.

ర్యాంపు దాటి, ఇతరులకు దారి వదిలి, పక్కన ఆపాక అడుగున ఉన్న బిరడా తీశాను. లోపల చేరిన నీరు లీటరుకు కిలో చొప్పున అనవసరపు బరువే. ముక్కు కొక్కేనికి వించ్ పట్టీతో పాటు విడిగా ఒక గొలుసు తగిలించాను. వెనుక రెండు కొక్కేలనూ రాట్చెట్ (పళ్లచక్రంతో బిగించే) పట్టీలతో ట్రెయిలర్ చట్రానికి బిగించి, గాలికి కొట్టుకోకుండా ఒక్కొక్క పట్టీకి ఒక మెలిక వేశాను. కారుకూ ట్రెయిలర్‌కూ మధ్య ఉండే రెండు గొలుసులను, ట్రెయిలర్‌ను కారుకు తగిలించే కప్లర్ కింద, ఒకదానికొకటి అడ్డంగా దాటించాను. కప్లర్ ఊడితే దాని మూతి రోడ్డును తాకకుండా అవి ఊయలలా పట్టుకుంటాయి.

అసలు భయం బరువు గురించే. నా పడవ, మోటారు, ట్రెయిలర్ కలిపి సుమారు 420 కిలోలు. కప్లర్ కింద కర్ర నిలబెట్టి, ఇంట్లోని తూకపు యంత్రం మీద చూస్తే పాత పద్ధతిలో కప్లర్ మీద 16 కిలోలే పడేది. ఆ ప్రయాణాల్లో వెనుక ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడానికి, ముందు బరువు ఇలా తక్కువ కావడమే కారణం. పడవ ముందుకు జరగడం, 25 లీటర్ల పెట్రోలు ట్యాంకును వెనుక నుంచి మధ్యకు మార్చడం కలిసి దానిని 34కు చేర్చాయి. అంటే మొత్తంలో ఎనిమిది శాతం.

పది నిమిషాలు నడిపి ఆపి చూస్తే, ఎడమ పట్టీ ఒక పన్ను మేర వదులైంది. రెండు హబ్‌లూ అరచేతికి గోరువెచ్చగానే ఉన్నాయి. దిమ్మ రబ్బరు మాత్రం అంచున చీలింది, వచ్చేసారికి దానిని మార్చాలి.