పాల చవుడా, కారు చవుడా?

అమెరికాలో, అరిజోనాలోని టూసాన్‌లో నా పని ఎలక్ట్రోడ్లకు కాలిబ్రేషన్ చేయడం, అంటే అవి సరిగా చెబుతున్నాయో లేదో సరిచూడడం. నీళ్లలో ఏ అయాన్ ఎంత ఉందో చెప్పే సెన్సర్లు అవి. తెలిసిన ద్రావణంలో ముంచాలి, రీడింగ్ రాయాలి, కడగాలి, మళ్లీ ముంచాలి. చేరిన కొత్తలో బీకరు సరిగా కడగక ఒక పూట రీడింగులన్నీ పాడుచేశాను. రాత్రంతా టెన్షన్. మా సీనియర్ కోప్పడలేదు. "నీకు రేపు ఇంకో బీకరు ఉంది. ఫీనిక్స్‌కి ఉన్నవి నాలుగే" అన్నారు.

ఫీనిక్స్ అంటే ఇక్కడి నగరం కాదు, నాసా పంపిన ల్యాండర్. 2008 మేలో అంగారకుడి ఉత్తర మైదానంలో దిగింది. దాన్ని నడిపించింది ఈ ఊరి యూనివర్సిటీ నుంచే. అందులో టీకప్పంత గిన్నెలు నాలుగు, ఒక్కోటి ఒక్కసారికే. భూమి నుంచి తీసుకెళ్లిన 25 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, మట్టి వేయకముందే సెన్సర్లను సరిచూసుకుని, అప్పుడు ఒక్క ఘన సెంటీమీటరు మట్టి కలిపారు. నేను రోజూ విసుక్కునే పనే అది. ఆ తర్వాత విసుక్కోలేదు.

నైట్రేట్ కోసం పెట్టిన ఎలక్ట్రోడ్ అనుకోనంత పెద్ద సిగ్నల్ ఇచ్చింది. అదంతా నైట్రేటే అనుకుంటే, దాని బరువు వేసిన మట్టి బరువునే మించిపోవాలి! ఆ ఎలక్ట్రోడ్ నైట్రేట్ కన్నా ఎంతో ఎక్కువగా స్పందించేది మరొకటుంది, క్లోరిన్, ఆక్సిజన్ కలిసిన పెర్‌క్లోరేట్ అనే ఉప్పు. అలా పట్టుబడింది అది. మట్టిలో సుమారు అర శాతం. ముందే సరిచూసిన సెన్సర్ కాకపోతే ఆ అంకెను ఎవరు నమ్మేవారు?

ప్రకాశం జిల్లాలో ఉన్న నాన్నకు ఫోన్‌లో ఇదంతా చెప్పాను. భూసార పరీక్షకు పొలంలో పది చోట్ల 'వి' ఆకారంలో గుంటలు తీసి, మట్టి కలిపి, అరకిలో సంచిలో కట్టి ఇచ్చే మనిషి.

"ఒక చెంచాడు కూడా లేదు కదమ్మా, అదేం శాంపిలు?" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ పాల చవుడా, కారు చవుడా?" అని అడిగారు. ఉప్పు పేరుకున్న నేల పాల చవుడు, క్షారం ఎక్కువైన నేల కారు చవుడు.

"పీహెచ్ 7.7 నాన్నా. మన నల్లరేగడికి దగ్గరే. కాకపోతే ఆ ఉప్పుంది, మొక్కలకు మంచిది కాదు."

"కడిగితే పోతుందా?"

"నీళ్లలో బాగా కరుగుతుంది. నీళ్లు పెట్టి బయటికి తీసేస్తే పోతుంది."

"నీళ్లుంటే మన పడమటి చెక్క కూడా బాగుపడేదమ్మా" అన్నారు నాన్న. ఈసారి బోరులో నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో అప్పుడు అడిగాను.