స్టిమాచ్ రెడ్ కార్డ్ రోజు

2023 జూన్ 21, బెంగళూరు కంఠీరవ స్టేడియంలో భారత్-పాకిస్తాన్ ఫుట్‌బాల్ మ్యాచ్. వానలో తడిసి ముద్దయ్యాం. హాఫ్ టైమ్ దగ్గర పడుతుండగా పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే మన కోచ్ ఇగోర్ స్టిమాచ్ చెయ్యి పెట్టి బంతిని తట్టేశాడు, అంతే, తోపులాట, రెడ్ కార్డ్! 4-0తో గెలిచాం కానీ నాకు బాగా గుర్తుండిపోయింది ఆ చెయ్యే.

రూమ్‌కొచ్చి ఆయన గురించి వెతికితే, 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా జట్టులో డిఫెండర్ అని, 1995లో ఇంగ్లండ్ క్లబ్ డెర్బీ కౌంటీకి ఆడిన మొదటి మ్యాచ్‌లో తను గోల్ కొట్టినా జట్టు 5-1తో ఓడిందని, ఆ తర్వాత వరసగా 20 మ్యాచ్‌లు ఓటమే లేదని తెలిసింది. కోచ్ అయినా డిఫెండర్ బుద్ధి పోలేదన్నమాట!

2024 జూన్‌లో మన జట్టు ఖతార్ చేతిలో ఓడాక ఆయన్ని కోచ్‌గా తీసేశారు. ఆ మ్యాచ్‌లో లైను దాటి మైదానం బయటికెళ్లిన బంతికి ఖతార్‌కి గోల్ ఇచ్చారు చూడండి, అది మాత్రం ఇప్పటికీ మింగుడు పడట్లేదు.