అమ్మ, 800 రేడియోలు

"అన్నీ ఒకేసారి పెడితే ఏం వినపడుద్దే, ఒకటి ఉంచి మిగతావి కట్టేయమనరాదూ" అంటోంది అమ్మ. అక్కడ కూర్చున్న స్టాఫ్ అమ్మాయికి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం.

లండన్ టేట్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాం ఇవాళ. చీకటి గది, నీలం లైటు, మధ్యలో రేడియోలతో కట్టిన టవర్, దాదాపు 800 ఉంటాయంట. బ్రెజిల్ ఆర్టిస్ట్ సిల్డో మెయిరెలెస్ 2001లో చేసిన 'బేబెల్', అదే బైబిల్లో బాబెలు గోపురం, కట్టేవాళ్ల భాషలు తారుమారై ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండా పోయిన కథ. అడుగున పెద్ద పాత వాల్వు రేడియోలు, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొత్తవి. ఒక్కోటి ఒక్కో స్టేషన్, సౌండ్ మాత్రం వినీవినపడనంత.

అమ్మ ఊరుకోలా. వీలైనంత దగ్గరికెళ్లి వంగి, గుడ్డ స్పీకరున్న ఓ చెక్క రేడియో వైపు చెవి పెట్టి "వార్తలు" అంది. ఆ గోలలో మాట ఒక్కటీ అర్థం కాకపోయినా చదివే తీరుని బట్టే పట్టేసింది, ఏళ్ల తరబడి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు వింటూ వంట చేసిన మనిషి మరి.

నాకు నచ్చిందేంటంటే ఇందులో రికార్డింగ్ లేదు, ఇవాళ మేం విన్నది రేపొచ్చేవాళ్లకి దొరకదు.

కానీ నార్వేలో 2017లోనే నేషనల్ స్టేషన్ల ఎఫ్ఎం ఆపేసి, ఇలాంటి పాత రేడియోలు అందుకోలేని డిజిటల్‌కి మారిపోయారు. రేపు ఇక్కడా ఆపేస్తే ఈ పాతవాటికి ఏం పట్టిస్తారో, గుర్రుమనే శబ్దమే ఆర్ట్ అంటారో ఏమో, నాకైతే అప్పుడు కూడా వచ్చి చూడాలనుంది.