ఎంఆర్పీ బుద్ధి

డల్లాస్‌లో అక్కావాళ్ళింటికి పొయ్యి నిన్ననే తిరుపతిలో దిగినా, జెట్ లాగ్ కన్నా కార్డు స్టేట్‌మెంటే ఎక్కువ నిద్ర చెడగొడతాంది. అక్కడ మొదటిరోజే ఫ్రిజ్‌కి అతికించే బొమ్మ ఒకటి తీసుకున్నా, రేటు 9.99 డాలర్లు అని రాసుంటే పది డాలర్ల నోటు చేతిలో పట్టుకోని రెడీగా నిలబడితే బిల్లేమో 10.81 వచ్చింది! గాంధీ రోడ్డులో వాటర్ బాటిల్‌కి ఎంఆర్పీ మీద రూపాయి ఎక్కువడిగితే గొడవేసుకునే మనిషిని, ఊరుకుంటానా. వెనక క్యూ అంతా చూస్తాంటే అక్క చెయ్యి గిల్లి "ఒరేయ్, ఇక్కడ ట్యాక్స్ కౌంటర్లోనే కలుపుతార్రా, 8.25 శాతం, పరువు తీయొద్దు" అనింది. పాలు, బియ్యం, కూరగాయలకి మాత్రం ట్యాక్స్ లేదంట, అది నచ్చింది.

అసలు దెబ్బ వచ్చేటప్పుడు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో కాఫీకి కార్డు పెడితే మిషను దిర్హాములా రూపాయలా అని అడిగింది, మన రూపాయే కదా అని ప్రేమగా నొక్కేసినా. అట్ల నొక్కితే దిర్హాముల్ని రూపాయల్లోకి మార్చే రేటు ఆ మిషనోళ్ళిష్టమంట! దిర్హామే నొక్కుంటే, బయటిదేశం డబ్బుల్లో కట్టినందుకు నా బ్యాంకు పైన వేసుకునే మార్కప్ 3.5 శాతం పోయినా తక్కువే పడేది, ఇంటికొచ్చి లెక్కేసుకుంటే తెలిసింది. అమ్మకి ఆ కాఫీ రేటు ఇంకా చెప్పలా.